స్క్రీన్ పగిలిన ల్యాప్‌టాప్ కొంటున్నారా? పైసలిచ్చే ముందు రీస్టార్ట్ చేయించండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వెతుకుతున్నవాళ్లకు హెచ్చరిక. “స్క్రీన్ ఒక్కటే పోయిందన్నా, మానిటర్ పెట్టుకుంటే మంచిగ నడుస్తది” అని ఎవరన్నా అంటే, మానిటర్ మీద విండోస్ కనబడంగనే ఒప్పుకోకండి. ముందే ఆన్ చేసి, విండోస్ బటన్‌తో పీ నొక్కి ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ పెట్టి ఉంచిన మిషన్ ఏదైనా అట్లనే కనబడతది. అసలు సంగతి తిరిగి ఆన్ చేసినంక తెలుస్తది.

అందుకే మీ ముందే రీస్టార్ట్ చేయించండి. షట్‌డౌన్ చాలదు. ఫాస్ట్ స్టార్టప్ (తొందరగా ఆన్ అయ్యే విండోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీ) కీ నొక్కుతూ ఉండండి: డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. చాలా మోడళ్లలో బయాస్ సొంత స్క్రీన్‌కే పోతది, మానిటర్‌కు రాదు. అప్పుడు యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, ఆన్ చేయంగనే మూత మూసి మళ్లీ చూడండి. కొన్నిట్ల అట్ల వస్తది. అప్పటికీ రాకుంటే ఆ మిషన్ వదిలేయండి. రేపు విండోస్ కొత్తగా ఎక్కించాలన్నా, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలన్నా గుడ్డిగా కీలు నొక్కాల్సి వస్తది. బయాస్‌కు పాత ఓనర్ పాస్‌వర్డ్ పెట్టి ఉన్నా మీకు కనబడదు.

ఇంకో పెద్ద గుంత బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం. బయాస్‌ల ఏదన్నా మారితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా పాత ఓనర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ఆయన దొరకకుంటే డిస్కులోని డేటా పోయినట్టే. పైసలిచ్చే ముందే డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళం సెట్టింగ్) ఆఫ్ చేయించి, ఆయన అకౌంట్ తీయించండి.

బొమ్మ బయటికి వచ్చే దారి చాలాసార్లు హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే కాబట్టి, కేబుల్ పెట్టి మెల్లగ కదిలించి చూడండి. బొమ్మ పోయి వస్తుంటే పోర్టు టంకం వదులై ఉండొచ్చు. టైప్ సీ పోర్టు ఉంది కదా అని ధీమా పడకండి, అన్ని టైప్ సీ పోర్టులల్ల వీడియో రాదు. కొన్ని గేమింగ్ మోడళ్లలో హెచ్‌డీఎంఐ వేరే గ్రాఫిక్స్ చిప్‌కు కలిపి ఉంటది, ఆ చిప్ పోతే మానిటర్ కూడా నల్లబడతది. పావుగంట వీడియో నడిపించి చూడండి. ఇంట్ల ఉన్నది వీజీఏ మాత్రమే ఉన్న పాత మానిటర్ అయితే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలె. ఉత్త వైరు పనిచేయదు.

పగిలిన మూత విప్పి పడేసి అమ్మేవి అసలే తీసుకోకండి. చాలా మోడళ్లలో వైఫై యాంటెన్నాలు ఆ మూతలనే ఉంటయి. తెల్ల, నల్ల సన్నని వైర్లు కోసేస్తే రూటర్ పక్కన కూసుంటేనే సిగ్నల్ వస్తది. కెమెరా, చాలాసార్లు మైకు కూడా అండ్లనే పోతయి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు అక్కరకు రాదు. మూత ఉంటే పవర్ ఆప్షన్లలో లిడ్ మూసినప్పుడు ‘డూ నథింగ్’ అని, బ్యాటరీకి, ఛార్జింగ్‌కు రెండిటికీ పెట్టండి. వేడిగాలి మూత మడిచే కీలు (హింజ్) దగ్గర నుంచి పోయే మోడళ్లను మాత్రం మూత కొంచెం తెరిచే వాడాలి. లోపలి స్క్రీన్ కేబుల్ తీయించేటట్టయితే ముందు బ్యాటరీ కనెక్టర్ తీయమనండి. షార్ట్ అయితే బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజ్ కాలుతది.

కరెంటు పోతే మానిటర్ ఆరిపోతది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తనే ఉంటది. మీకేం కనబడదు. కంట్రోల్ ఎస్ కొట్టుకుంటూ పనిచేయాలె, లేదా మానిటర్‌కు యూపీఎస్ పెట్టాలె.

స్క్రీన్ పగిలిందంటే కింద పడి ఉండొచ్చు. హార్డ్ డిస్క్ అయితే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే డిస్కు చెక్ చేసే సాఫ్ట్‌వేర్‌లో చూడండి, పసుపు రంగు ‘కాషన్’ వస్తే డిస్కు ధర కూడా లెక్కలో వేసుకోండి. కొత్త ప్యానెల్ (స్క్రీన్) ధర కూడా ముందే అడగండి. ప్యానెల్ వెనుక స్టిక్కర్ మీద బి156, ఎన్‌టి156 లాంటి నంబర్ ఉంటది. కేబుల్ 30 పిన్నా, 40 పిన్నా చూసి, ఆ రెండూ రిపేర్ షాపులో చెప్తే ధర తెలుస్తది. ల్యాప్‌టాప్, ప్యానెల్, బిగింపు ఖర్చు కలిపితే అదే మోడల్ మంచిది వచ్చేటట్టుంటే ఈ బేరం వద్దు. కొంటే మాత్రం బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించి, అడుగు స్టిక్కర్‌తో, బయాస్‌ల కనబడే నంబర్‌తో సరిచూసుకోండి.