ఫలక్‌నుమా ప్యాలెస్: నిజాం పేరు వెనుక పైగా వంశం

చార్మినార్‌కు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, గుట్టమీద ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌ను 2010 నవంబరు నుంచి తాజ్ సంస్థ హోటల్‌గా నడుపుతోంది. గుర్రపు బగ్గీ స్వాగతం గురించీ, గదుల వైభవం గురించీ ఇప్పటికే ఎందరో రాశారు కనుక, ఈ సమీక్షను అతిథులకు భవనాన్ని చూపించే వారసత్వ పర్యటనకే పరిమితం చేస్తున్నాను. ఇది నిజాం ప్యాలెస్ అన్న ఒక్క ఎరుకతో వెళ్లేవారు షాండ్లియర్లు చూసి తిరిగివస్తారు. కట్టించిన కుటుంబం గురించి తెలుసుకుని వెళ్లేవారికి మాత్రం అదే భవనం ఒక జాగీర్దారు ఆశలకూ అప్పులకూ సాక్ష్యంగా కనిపిస్తుంది.

హైదరాబాద్ రాజ్యంలో నిజాం తరువాత అంతటి ప్రభువులు పైగా వంశంవారు. నిజాం కోసం సైన్యాన్ని పోషించే బాధ్యతపై వారికి విశాలమైన జాగీర్లు దక్కాయి. నిజాముల కుమార్తెలను వివాహమాడటంతో ఆ బంధం మరింత బిగిసింది. ఆ వంశానికి చెందిన నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు స్వయానా బావ, 1893 నుంచి 1901 వరకు రాజ్యానికి దివాన్, అంటే ప్రధానమంత్రి. వికారాబాద్ పట్టణానికి ఆయన పేరే పెట్టారు. ఫలక్‌నుమాకు 1884లో శంకుస్థాపన చేయించిందీ ఆయనే.

నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ ఖర్చు నవాబును అప్పుల్లో ముంచిందనీ, అతిథిగా వచ్చిన నిజాం భవనాన్ని మెచ్చుకోగా దానిని ఆయనకే సమర్పించారనీ, నిజాం తగిన ధనం ఇచ్చి స్వీకరించారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కానుక అనాలో అమ్మకం అనాలో ఎవరి ఇష్టం వారిది. ఏలినవారి ముందు ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. 1897-98 ప్రాంతంలో భవనం చేతులు మారింది. నవాబు ఆ తరువాత బేగంపేటలో కట్టించుకున్న దేవిడీ (పెద్ద భవంతి)లోనే 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేట్ పనిచేసింది.

యజమాని మారినా గుర్తులు చెరిగిపోలేదు. పైకప్పుల మీద, గోడల మీద, కుర్చీల మీద ఆంగ్లంలో 'వి', 'ఓ' అక్షరాలు పెనవేసుకున్న చిహ్నం కనిపిస్తుంది. అది నవాబు పేరుకు సంకేతం. పర్యటనలో నాకు అన్నింటికన్నా నచ్చినది దానిని వెతుక్కుంటూ నడవడమే. పాలరాతి మెట్ల వెంబడి గోడకు వేలాడే బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల చిత్రపటాలనూ, విండ్సర్ కోటను అనుసరించి చేయించిన గ్రంథాలయపు పైకప్పునూ చూస్తే, ఒక దేశీయ ప్రభువు ఎవరి మెప్పు కోరి ఇంత ఖర్చు చేశాడో వేరే చెప్పనక్కరలేదు. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనబల్ల దగ్గరే సందర్శకులు ఎక్కువసేపు నిలబడతారు; నా దృష్టిలో గ్రంథాలయం అంతకన్నా విలువైనది.

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస తరువాత భవనం చాలాకాలం మూతపడింది. నిజాం వంశపు కోడలు యువరాణి ఎస్రా పర్యవేక్షణలో దాదాపు పదేళ్లు సాగిన పునరుద్ధరణ మెరుగులు దిద్దడంతో ఆగక, పాత సామాను స్వభావాన్ని కాపాడింది. ఆ శ్రద్ధకు పూర్తి మార్కులు వేయవచ్చు.

రాజభోగం కోసమే అయితే ఇంత ఖర్చు అందరికీ సబబుగా తోచకపోవచ్చు, కానీ దక్కన్ చరిత్రపై ఆసక్తి ఉన్నవారు ఒక్కసారైనా చూడదగినదే. వెళ్లేవారు సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులను కూడా అదే ప్రయాణంలో చేర్చుకోవడం మంచిది. వికార్-ఉల్-ఉమ్రా సమాధి అక్కడే ఉంది, సున్నపు గచ్చుతో చేసిన ఆ జాలీల (చిల్లుల అల్లిక తెరల) పనితనం ప్యాలెస్‌లోని దిగుమతి సరుకుకు ఏమాత్రం తీసిపోదు.