చేతిబొంత కిట్ సమీక్ష: సూదీ దారం మేలైనవి, సూచనల కాగితమే సరిగా లేదు

తీరికను తీరికగానే గడపనిచ్చే అభిరుచులలో చేతితో బొంత కుట్టడం ఒకటి. తోటపనికి ఎండా వానా అనుకూలించాలి, సముద్రపు ఒడ్డున గవ్వలు ఏరడానికి ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి. బొంతకు మాత్రం మంచి వెలుతురు, కాస్త సమయం ఉంటే చాలు. అయితే ఏ సూది కొనాలో, నడుమ ఏ దూది పొర పెట్టాలో తెలియక కొత్తవారి ఉత్సాహం తొందరగా చల్లారిపోతుంది. అందుకే అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మే కిట్లు వచ్చాయి. అటువంటిదొకటి తెప్పించుకుని, చిన్న బొంతను మొదటినుంచి చివరిదాకా దానితోనే కుట్టిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో 5 అంగుళాల కొలతతో కత్తిరించిన 36 నూలు గుడ్డ చదరాలు, 36 అంగుళాల చదరంగా ఉన్న అడుగు గుడ్డ, దూది పొర, సూదుల పొట్లం, దారపు రీలు, వేలికి తొడుక్కునే థింబుల్, 14 అంగుళాల గుండ్రటి చెక్క ఫ్రేము, గుర్తులు గీసే నీలం పెన్ను, అంచు పట్టీలు, సూచనల కాగితం ఉన్నాయి. చదరాలను వరుసకు ఆరు చొప్పున ఆరు వరుసలుగా కలిపితే, ప్రతి అతుకు దగ్గరా ఒక్కొక్క ముక్క నుంచి పావు అంగుళం కుట్టులోకి పోగా, అంచు పట్టీ కూడా వేసేసరికి బొంత సుమారు 27 అంగుళాల చదరంగా తయారవుతుంది. గుడ్డ నాణ్యత బాగుంది. నేత దగ్గరగా ఉన్నా సూది ఎక్కడా మొరాయించలేదు.

ఈ చదరాల అంచులను పోగులు ఊడకుండా పళ్లు పళ్లుగా కత్తిరించారు. కొలతను ఆ పళ్ల మొనల నుంచి తీసుకోవాలా, లోపలి గాడుల నుంచి తీసుకోవాలా అన్నది తయారీదారును బట్టి మారుతుంది. స్కేలు పెట్టి చూస్తే ఈ కిట్‌లో మొన నుంచి మొనకు సరిగ్గా 5 అంగుళాలు వచ్చింది, కాని సూచనల కాగితంలో ఆ మాటే లేదు. గాడి దగ్గర నుంచి పావు అంగుళం కొలిచి కుట్టినవారికి ఒక్కొక్క ముక్కలో అంగుళంలో పదహారో వంతు అదనంగా పోయిందనుకుంటే, అతుక్కి రెండు ముక్కలు, వరుసకు ఐదు అతుకులు కాబట్టి ఆ వరుస అర అంగుళానికి పైగా కురచవుతుంది. అన్ని వరుసలూ ఒకేలా కురచైతే పెద్ద నష్టం లేదు గానీ, ఒకటి అలా, ఇంకొకటి ఇలా వస్తే మూలలు ఎంత లాగినా కలవవు.

ఈ కిట్‌లో మనసారా మెచ్చుకోవలసినవి సూదులు, దారం. మామూలు కుట్టు సూదులు కాకుండా, బొంత కుట్టడానికే తయారుచేసే పొట్టి సూదులు, బిట్వీన్స్ అనేవి, 8, 9, 10 నంబర్లలో ఇచ్చారు. నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నగా, పొట్టిగా ఉంటుంది కనుక 8తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 10కి వెళ్లడం మంచిది. సూది పొట్టిగా ఉండడం వల్ల దాన్ని థింబుల్‌తో పైకీ కిందికీ ఊపుతూ ఒక్కసారికి మూడు నాలుగు కుట్లు ఎక్కించుకోవచ్చు; అడుగున పెట్టిన వేలికి సూదిమొన తగిలీ తగలగానే దాన్ని పైకి మళ్లిస్తే కుట్టు చిన్నదిగా, సమంగా పడుతుంది. దారం నూలుదే, పైన మైనపు మెరుగు ఉంది. మూర పొడవుకు మించకుండా తుంచుకుంటే చిక్కుపడదు, నలగదు. చివర చిన్న ముడి వేసి, కుట్టు మొదలయ్యే చోటికి కొంచెం ఇవతల సూదిని దించి, మెల్లగా ఒక్క లాగు లాగితే ముడి పైగుడ్డను దాటి దూదిలోకి దిగిపోతుంది. అప్పుడు వచ్చే చిన్న ‘టప్’ శబ్దం, ముడి ఎక్కడుందో కనిపించకుండా మాయమవడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణాలు.

దూది పొర నూలు ఎక్కువగా, పాలియెస్టర్ తక్కువగా కలిసిన రకం. కొన్ని పొరలకు బలం కోసం ఒకవైపు సన్నని జాలీ అతికిస్తారు. అది మెషిన్ కుట్టుకు బాగుంటుంది గానీ చేతి సూదిని అడుగడుగునా పట్టేస్తుంది. ఇందులో ఆ జాలీ లేదు. ఎంపిక చేసినవారికి చేతికుట్టు సంగతి తెలుసునని ఇక్కడే అర్థమైంది. నూలు దూది తొలి ఉతుకులో కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి బొంత నిండా మెత్తటి ముడతలు పడతాయి. అది లోపం కాదు, బొంతకు అందం అదే.

నీలం పెన్ను విషయంలో మాత్రం కొనేవారిని గట్టిగా హెచ్చరించాలి. గీతలు నీటితో పోయే రకం ఇది. కుట్టడం పూర్తయ్యాక ఇస్త్రీ చేసి, ఆ తర్వాత ఉతకమని సూచనల కాగితంలో అచ్చువేశారు. ఇది పూర్తిగా తప్పు. ఇటువంటి సిరాకు వేడి తగిలితే గీత గుడ్డలో శాశ్వతంగా నిలిచిపోవచ్చు. అందుకే తుండు గుడ్డ మీద రెండు గీతలు గీసి, ఒకదాన్ని ఇస్త్రీ చేసి, రెండింటినీ తడిపి చూశాను. ఇస్త్రీ తగలని గీత చన్నీళ్లకే పోయింది, తగిలింది మాత్రం మాసిన నీడలా అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లు ఓపికగా కుట్టిన బొంతను చివరి మెట్టులో పాడుచేసే సలహాను తయారీదారు వెంటనే సవరించాలి.

చెక్క ఫ్రేము కూడా అంత గొప్పగా లేదు. మూడు పొరల మందం పట్టేసరికి మర పొట్టిదై చివరి చుట్టు మీదే నిలుస్తోంది. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగు అంగుళాలకు పైగా అదనంగా ఉన్నా, మూలల దగ్గర ఫ్రేముకు పట్టు దొరకదు. అక్కడ పాత గుడ్డ పేలికను టాకాలు వేసి అతికించుకుంటే పని సాగుతుంది. ఫ్రేములో గుడ్డను బిగుతుగా లాగకుండా, వేలితో నొక్కితే కాస్త దిగేంత వదులు ఉంచాలని కూడా కాగితంలో చెప్పి ఉండవలసింది, ఎందుకంటే మరీ బిగిస్తే సూది ఊగదు.

ఇన్ని లోపాలు చెప్పినా, సూది పట్టడం వచ్చి బొంత ఎన్నడూ కుట్టనివారికి ఈ కిట్ కొనుక్కోమనే చెబుతాను. థింబుల్ ఒకే సైజులో వస్తోంది కనుక వేలికి వదులైతే తోలుది వేరే తీసుకోవాలి. మెషిన్ మీద కుట్టాలనుకునేవారు మాత్రం దీన్ని వదిలేయడం మంచిది. ఈ దారానికి ఉన్న మైనపు మెరుగు రాలి మెషిన్‌లో దారం బిగించే పళ్లేలకు అంటుకుంటుంది.