కారులో టేకు రీపర్ల ఫ్లోరింగ్: నాలుగేళ్లకు పైగా వాడిన తరువాత

మా ఇన్నోవా క్రిస్టాలో రెండో, మూడో వరుస సీట్ల ముందూ, డిక్కీలోనూ టేకు రీపర్లతో (సన్నటి చెక్క బద్దలతో) చేయించిన ఫ్లోరింగ్‌ను 2021 వేసవి నుంచి వాడుతున్నాము. సామానూ మట్టీ ఎక్కువగా ఎక్కే కారుకు ఇది బాగా పనికొస్తుందనీ, కేవలం అందం కోసమైతే ఇంత ఖర్చు దండగనీ, డ్రైవరు కాళ్ల దగ్గర మాత్రం ఎవరూ వేయించకూడదనీ నా అభిప్రాయం. దీని మంచిచెడ్డలు తేలేది రీపర్లు బిగించి చేసిన పలకలను ఎంత తేలిగ్గా పైకి తీయగలమన్న దగ్గరే.

గుంటూరులో మిర్చితో సంబంధం ఉన్న ఇళ్లవారికి కారు కార్పెట్ పడే పాట్లు తెలియనివి కావు. మిర్చి యార్డుకు మచ్చు (నమూనా) తీసుకెళ్లే సంచిలోంచో, ఊరి నుంచి వచ్చిన టిక్కీలోంచో (మిర్చి బస్తాలోంచో) రాలిన గింజలు, ఘాటు దుమ్ము కార్పెట్ నూలులో కూరుకుపోతే వాక్యూమ్ క్లీనర్ కూడా వాటిని పూర్తిగా లాగలేదు; ఆ తరువాత ఏసీ వేసిన ప్రతిసారీ వెనక కూర్చున్నవారికి తుమ్ములే. ఇప్పుడు ఆ గింజలు రీపర్ల సందుల్లోంచి కింద పరిచిన రబ్బరు షీటు మీదికి జారిపోతున్నాయి. అప్పుడప్పుడు పలక ఎత్తి చూస్తే, పైన సందు ఉన్నంత మేరా కింద ఎర్రటి తొక్కలూ పసుపుపచ్చటి గింజలూ బారులు తీరి కనిపిస్తాయి. షీటును నాలుగు మూలలా పట్టుకుని బయట దులిపేస్తే పని అయిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మేము తిరిగిన షాపుల్లో వుడెన్ ఫ్లోరింగ్ అని అడిగితే ఎక్కువగా చూపించినది, ప్లైవుడ్ మీద చెక్క డిజైను వినైల్ (ప్లాస్టిక్ షీటు) అంటించిన పలకనే. ఒక షాపువారు కంపెనీ కార్పెట్ పీకేసి, పలకను నేరుగా ఇనుప నేలకు గమ్ముతో అతికిస్తామన్నారు. కార్పెట్ కింద ఉండే ఫోము రోడ్డు చప్పుడునూ వేడినీ ఆపుతుంది. గమ్ము మన ఎండలకు మెత్తబడుతుంది. అతికించిన పలక కిందికి తడి చేరితే ఆరే దారి లేక ఇనుము తుప్పు పడుతుంది. అందువల్ల ఆ పద్ధతి వద్దనుకుని, లారీ బాడీలు కట్టే వడ్రంగి చేత మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి వచ్చే టేకుతో, 12 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పు గల రీపర్లు కోయించి, కింద అడ్డబద్దలకు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించి, కంపెనీ కార్పెట్‌ను తీయకుండా దాని మీదే పరిచేలా విడివిడి పలకలుగా చేయించాము. సీటు రైల్స్ (సీటును నేలకు బిగించే పట్టాలు) కిందికి చెక్క పోనివ్వలేదు. చెక్క నలిగే కొద్దీ సీటు బోల్టు వదులవుతుంది కనుక, రైల్స్ చుట్టూ పలకను కత్తిరించడమే సరైన పని. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌లకు సంబంధించినవే. సీటు విప్పవలసి వస్తే ముందు బ్యాటరీ కనెక్షన్ తీయించాలి.

రీపర్ల మధ్య 4 మిల్లీమీటర్ల సందు వదిలించాము. టేకు నీటిని తట్టుకునే చెక్కే అయినా, గాలిలో తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతూ, సన్నబడుతూనే ఉంటుంది. 40 మిల్లీమీటర్ల రీపరులో మే నెలకూ ముసురు రోజులకూ మధ్య తేడా అర మిల్లీమీటరు వరకు రావచ్చు. ఒక్కదానికి అది లెక్కలోకి రాదు గానీ, పక్కపక్కనే ఇరవై ఉంటే సెంటీమీటరు అవుతుంది. సందు లేకపోతే పలక మధ్యలో పైకి లేస్తుంది.

డ్రైవరు వైపు ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడ నేల ఎత్తు పెరిగితే పెడల్ కింద ఖాళీ తగ్గుతుంది, తడి చెప్పు మడమ చెక్క మీద జారుతుంది. ఫ్లోర్ మ్యాట్ యాక్సిలరేటర్‌కు అడ్డుపడే ప్రమాదం ఉందని 2009లో టయోటా అమెరికాలో సుమారు 38 లక్షల కార్లను రీకాల్ చేసింది. మెత్తటి మ్యాట్‌తోనే అంత పని జరిగితే, కదిలే చెక్క సంగతి చెప్పేదేముంది!

మొదట వేయించిన మెరుపు పాలిష్ చెప్పుల ఇసుకకు రెండో వేసవికల్లా పొరలుగా లేచిపోయింది. దాన్ని గీకించి, అప్పటి నుంచి ఏడాదికోసారి అవిసె నూనె పట్టిస్తున్నాము. మెరుపు లేకపోయినా గీతలు కనబడవు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి కారులో వదలకూడదు, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. కంపెనీ కార్పెట్, సీటు బట్ట వంటివాటిలో మంట ఎంత వేగంగా పాకుతుందో చూసే ఐఎస్ 15061 అనే భారతీయ ప్రమాణం ఉంది గానీ, బయట చేయించిన చెక్కకు ఆ పరీక్ష ఎవరూ చేయరు. కారులో సిగరెట్ తాగేవారు ఈ మాట ఆలోచించుకోవాలి. మూడో ఏట మొదలైన కిర్రుమనే చప్పుడు, అడ్డబద్దల కింద రబ్బరు పట్టీలు వేయించాక పోయింది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సమయంలో సింగ్ నగర్ వైపు నుంచి బంధువులను తీసుకువస్తుంటే డోర్ల కిందనుంచి నీరు లోపలికి చేరింది. పలకలను తీసి నీడలో గోడకు నిలబెడితే వంకర పోకుండా ఆరాయి. కింద ఫోము మాత్రం రోజుల తరబడి ఆరక వాసన పట్టింది. చెక్క బాగుందని కింద కార్పెట్ తడి చూడకుండా వదిలేయకూడదు.

బరువు చదరపు మీటరుకు 8 కేజీలకు మించదు కనుక మైలేజీలో తేడా తెలియలేదు. సీటు రైల్స్ ఉండే చోటు ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ పలకలు మరో కారుకు పనికిరావు. అమ్మే రోజున వీటిని తీసేసి, కంపెనీ కార్పెట్‌తోనే కారు చూపించుకోవచ్చు.