రెండు పద్ధతుల్లోనూ నడుస్తుందని చెప్పి అమ్మే రైలు బోర్డు కొంటున్నారా? ముందు అడుగున చూడండి

అమెరికాలో పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ మోడల్ రైలు బోర్డులు కొనే మన వాళ్ళకు ఈ హెచ్చరిక. ‘డీసీ, డీసీసీ రెండూ నడుస్తాయి, స్విచ్ తిప్పితే చాలు’ అని ఎవరైనా చెబితే (డీసీ అంటే వోల్టులు పెంచి తగ్గించి రైలు నడిపే పద్ధతి, డీసీసీ అంటే పట్టాల ద్వారా డిజిటల్ ఆజ్ఞలు పంపి నడిపే పద్ధతి) అక్కడికక్కడే డబ్బు తీసి ఇవ్వకండి.

డల్లాస్ దగ్గర రైలు బొమ్మల ప్రదర్శనలో ఒకాయన దగ్గర అలాంటిదే కొన్నాం. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ప్లైవుడ్ పలక. దాని మీద హెచ్‌ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) పట్టాలు రెండు వలయాలుగా, ఒకదాని నుంచి ఇంకోదానికి మళ్ళడానికి క్రాస్‌ఓవర్. గుట్ట, సొరంగం, చిన్న స్టేషను, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. బయటి వలయం డీసీసీ, లోపలిది డీసీ, రైలు ఎటు నుంచి ఎటైనా వెళ్తుందని ఆయన హామీ ఇచ్చాడు.

ఆ హామీయే అసలు అబద్ధం. డీసీలో పట్టాలకు సున్నా నుంచి 12 వోల్టుల దాకా కరెంటు ఇస్తారు. వోల్టులు పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే ఇంజను వెనక్కి నడుస్తుంది. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ 14, 15 వోల్టులు ఉంటాయి. సెకనుకు వేల సార్లు దాని దిశ మారుతుంటుంది, ఆ మార్పుల్లోనే ఆజ్ఞలు ఉంటాయి, ఇంజనులోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ వాటిని చదువుకుంటుంది. ఈ రెండూ ఒక్క క్షణం కూడా కలవకూడదు. కానీ ఇంజను క్రాస్‌ఓవర్ దాటేటప్పుడు ముందు చక్రాలు ఒక వలయం మీద, వెనక చక్రాలు ఇంకో వలయం మీద ఉంటాయి. ఈ కాలపు ఇంజన్లు అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకుంటాయి కాబట్టి, ఇంజనే ఆ రెంటినీ కలిపే తీగ అవుతుంది. మా ఇంట్లో జరిగింది అదే. కమాండ్ స్టేషన్ (డీసీసీ కరెంటు, ఆజ్ఞలు పంపే పెట్టె) టక్కున ఆగిపోయి బతికింది. డీసీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మాడిన వాసన వచ్చి, మళ్ళీ పని చేయలేదు.

బోర్డు తిరగేసి చూస్తే కడుపు మండింది. స్విచ్‌కు మూడే కాళ్ళు! అంటే అది ఒక పట్టానే మారుస్తుంది, రెండో పట్టా రెండు సరఫరాలకూ ఉమ్మడి. క్రాస్‌ఓవర్ దగ్గర కూడా కరెంటు దాటకుండా ఒక పట్టాకే కోత పెట్టాడు. ఇలాంటి బోర్డుకు ఆరు కాళ్ళ స్విచ్ కావాలి. అది రెండు పట్టాలనూ ఒకేసారి మార్చాలి, మధ్యలో ఆపే స్థానం కూడా ఉండాలి. క్రాస్‌ఓవర్ దగ్గర రెండు పట్టాలకూ కరెంటు దాటనివ్వని ప్లాస్టిక్ జాయినర్లు (పట్టా ముక్కలను కలిపేవి) వేయాలి. ఇవన్నీ ఉన్నా, క్రాస్‌ఓవర్ దాటే ముందు రెండు వలయాలనూ ఒకే సరఫరాకు మార్చాల్సిందే.

తీగల సంగతి ఇంకా ఘోరం. బయటి వలయం మొత్తానికి ఒక్క జత సన్న తీగ, అదీ మెలిపెట్టి టేపు చుట్టినది, టంకం లేదు. సరఫరా దగ్గర నుంచి దూరంగా ఉన్న చోట రెండు పట్టాలకూ అడ్డంగా ఒక నాణెం పెట్టాం. కమాండ్ స్టేషన్ వెంటనే ఆగిపోవాలి. ఆగలేదు. తీగ మాత్రం వేడెక్కింది. సన్న తీగ, వదులు జాయినర్లు కరెంటును అడ్డుకోవడంతో రక్షణ వ్యవస్థకు షార్ట్ సర్క్యూట్ తెలియదు. అయిదు ఆంపియర్ల సరఫరా అయితే 70 వాట్ల దాకా వేడి ఒకే చోట చేరవచ్చు. ప్లాస్టిక్ స్లీపర్లు కరగడానికి అది చాలు. అడుగున వలయమంతా 14 గేజ్ (గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు) ప్రధాన తీగ, దాని నుంచి మూడు నాలుగు అడుగులకొక చోట పట్టాలకు టంకం వేసిన 22 గేజ్ తీగలు ఉంటే ధైర్యంగా కొనవచ్చు.

డీకోడర్ లేని పాత ఇంజన్లను సున్నా నంబరు (డీసీసీలో ఇంజన్లను పిలిచే నంబర్లలో ఒకటి) మీద డీసీసీలో నడపవచ్చని కూడా ఆయన చెప్పాడు. అది కొన్ని కమాండ్ స్టేషన్లలోనే కుదురుతుంది. కుదిరిన చోటా ఇంజను నిలబడి ఉన్నంతసేపూ గుయ్యిమంటూ వేడెక్కుతుంది, కోర్‌లెస్ మోటారు (లోపల ఇనుప కోర్ లేనిది) అయితే కాలిపోవచ్చు. ‘డీసీసీ రెడీ’ అని అట్టపెట్టె మీద ఉన్నా మోసపోకండి, అందులో డీకోడర్ ఉండదు, పెట్టుకోవడానికి సాకెట్ మాత్రమే ఉంటుంది. డీకోడర్ ఉన్న ఇంజన్లకు సీవీ 29 (డీకోడర్‌లోని ఒక సెట్టింగు) విలువ 6 ఉంటే 2 చేయండి, అప్పుడు డీసీ మీద నడవడం ఆగుతుంది. లేకపోతే డీసీ పట్టాల మీదకు వెళ్ళినప్పుడు దానంతట అది పరుగెత్తవచ్చు.

ఇక్కడి సెట్టు హైదరాబాదుకో విజయవాడకో పంపాలనుకునేవాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసింది చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు.

డబ్బు వెనక్కి అడిగితే, ‘ప్రదర్శనలో మీ కళ్ళ ముందే నడిచింది కదా’ అన్నాడు. నడిచింది నిజమే, ఒక్క వలయం మీద, క్రాస్‌ఓవర్ దాటకుండా. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఇప్పుడు అలాంటి బోర్డునే మళ్ళీ అమ్మకానికి పెట్టాడు, ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. అడుగు భాగం ఫొటో పంపమని అడగండి, స్విచ్ కాళ్ళు లెక్కపెట్టండి.