బ్యాట్‌మన్: ఇయర్ వన్ – గాయాన్ని చూపినంత బాగా మందును చూపని పుస్తకం

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు హైస్కూలు పిల్లలతో ట్రామా (భయంకరమైన సంఘటన మనసుకు చేసే గాయం) గురించి మాట్లాడటానికి ఒక కామిక్ కావాలంటే కౌన్సెలర్లు ముందుగా తీసేది బ్యాట్‌మన్నే. కథ ఎవరికీ చెప్పక్కర్లేదు: సినిమా చూసి ఇంటికెళ్తూ సందులో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లాడు. అందులోనూ 1987లో ఫ్రాంక్ మిల్లర్ రాసి, డేవిడ్ మజుకెల్లీ బొమ్మలు వేసిన ‘ఇయర్ వన్’ చేతిలో పట్టేంత చిన్నది. నాలుగు సంచికల కథ, సుమారు వంద పేజీలు. పనిముట్టుగా దీనికి ఐదుకి మూడు ఇవ్వొచ్చు. ఆ మూడూ దాదాపుగా మొదటి అధ్యాయానివే.

ఆ అధ్యాయం చివర, ఇంకా బ్యాట్‌మన్ కాని బ్రూస్ వేన్ ముసుగు లేకుండా మొదటిసారి వీధిలోకి వెళ్లి తన్నులు తింటాడు. కాలికి కత్తిపోటు, ఆపైన పోలీసు తూటా. నెత్తురోడుతూ ఇంటికొచ్చి తండ్రి విగ్రహం ముందు కూర్చుంటాడు. చేతికందే దూరంలో గంట ఉంది. మోగిస్తే ఇంటి సేవకుడు ఆల్‌ఫ్రెడ్ వచ్చి కట్టు కడతాడు. మోగించాలా వద్దా అని తేల్చుకోలేక ఆగిపోతాడు. అప్పుడు పద్దెనిమిదేళ్ల కిందటి రాత్రి గుర్తొస్తుంది. అయితే అది వరుసగా సాగే కథలా రాదు. చూసొచ్చిన సినిమా పేరు, హంతకుడి బెదిరిన కళ్లు, వాడి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ట్రామా జ్ఞాపకం చాలామందికి ఇలాగే వస్తుంది. ముందూ వెనకా లేకుండా ఒక చప్పుడో, వాసనో, ముఖమో ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడుతుంది. పాఠంలా చెబితే అరగంట పట్టే విషయాన్ని మజుకెల్లీ ఒకటి రెండు పేజీల్లో పట్టేశాడు.

గంజాం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార పల్లెల పిల్లలకు ఈ పేజీ ఎందుకు అందుతుందో ఊహించడం కష్టం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని కూడా విరిచేసింది. గాలి హోరుకి రేకు కొట్టుకుంటే చాలు, కొందరు పిల్లలకు ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇంట్లో దాన్ని జడుపు అంటారు, తాయెత్తు కడతారు. కట్టనివ్వండి, తగువు పెట్టుకోవద్దు. తాయెత్తు కట్టాం కదా, ఇక ఎవరికీ చూపించక్కర్లేదు అనుకుంటేనే చిక్కు.

వైద్యులు దీన్ని పి.టి.ఎస్.డి. (ట్రామా తర్వాత వచ్చే మానసిక రుగ్మత) అనాలంటే లక్షణాలు నెల దాటి ఉండాలి. అవి నాలుగు గుంపులు: జ్ఞాపకాలు చొరబడటం, గుర్తు చేసేవాటిని తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకం చెడటం, ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం. బ్రూస్‌లో మొదటిదీ చివరిదీ పుష్కలంగా దొరుకుతాయి. రెండోది పైకి కనబడదు. అతను సందుల నుంచి పారిపోడు, రోజూ రాత్రి వాటిలోకే వెళ్తాడు. పిల్లలు ఇక్కడే తికమకపడతారు. సందులోకి వెళ్లడానికి భయం లేదు గానీ దుఃఖం దగ్గర కూర్చోవడానికి తీరిక లేదు. రాత్రంతా పనిలో పడటం కూడా తప్పించుకోవడమేనని పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పాలి, పుస్తకం చెప్పదు.

ఇక అసలు లోపం. గంట పేజీ దగ్గర గబ్బిలం కిటికీ పగలగొట్టుకుని వస్తుంది, బ్రూస్‌కు దారి దొరుకుతుంది, తర్వాతి అధ్యాయానికల్లా ముసుగులో ఉంటాడు. కట్టు కట్టడానికి, నిద్రపోవడానికి, ఏడవడానికి కథలో చోటు లేదు. ‘దెబ్బ తగిలితే బలవంతుడివైపో’ అన్నదే పిల్లాడి చెవిన పడుతుంది. తండ్రి పడవ పోయిన ఇంట్లో పద్నాలుగేళ్లకే సంసారం మోస్తున్న కుర్రాడికి ఈ మాట ఎవరో ఒకరు రోజూ చెబుతూనే ఉన్నారు. కామిక్ కూడా చెప్పాలా?

అందుకే దీన్ని ఒక్కదాన్నే వాడొద్దు. 1976 మార్చి నాటి డిటెక్టివ్ కామిక్స్ 457వ సంచిక పక్కన పెట్టుకోండి. డెనిస్ ఓనీల్ రచన, డిక్ జోర్డానో బొమ్మలు. ఏటా అదే తేదీకి బ్యాట్‌మన్ ఆ సందుకు వెళ్తాడు. ఆ రాత్రి పిల్లాడిని దగ్గరకు తీసుకున్న లెస్లీ థాంప్కిన్స్ ఇప్పుడు ముసలావిడ. ఆమె ప్రశ్నలు గుచ్చలేదు, దగ్గరుండి చూసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి చెప్పే మూడు పనులు, చూడటం, వినడం, సాయానికి కలపడం, ఆమె మీద పెట్టి చెప్పొచ్చు. తేదీ దగ్గరపడితే మళ్లీ మనసు చెదరడం కూడా ఈ సంచికలో ఉంది. తుఫాను పిల్లలకు అక్టోబరు అలాంటిదే.

వాడే పద్ధతి. పదిహేనేళ్లు దాటినవాళ్లకే, తర్వాత క్యాట్‌వుమన్ అయ్యే సెలీనా కైల్ భాగం చిన్నపిల్లలకు తగదు. ఆరేడుగురు మించకుండా, నలభై నిమిషాల చొప్పున నాలుగుసార్లు కూర్చుంటే చాలు. మొదటిరోజు పుస్తకం తెరవొద్దు. కాళ్లు నేలకు ఆనించి, కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పండి. గంట పేజీ రెండోరోజు, లెస్లీ మూడోరోజు. చివరిరోజు ఒక్కటే పని: నీ గంట ఎవరు? ఒక పేరు, ఒక ఫోన్ నంబరు కాగితం మీద రాయించండి. ఇంగ్లీషు మాటలు చదివి వినిపించి, మాట్లాడటం మాత్రం పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులో సాగనివ్వండి. బడి ఒడియాలో భయం గురించి అడిగితే పరీక్ష జవాబే వస్తుంది.

అడగాల్సింది పాత్ర గురించి. “ఏం బాబూ, ఇక్కడ వీడికి ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుంది?” అంటే చాలు. “నీకేం జరిగిందో చెప్పు” అనొద్దు. తనంతట తాను చెబితే వినండి, ఎదుటివాళ్ల ముందు పూర్తిగా చెప్పించొద్దు. జరిగిందంతా ఒక్కసారి కక్కిస్తే తేలికవుతుందన్న నమ్మకంతో నడిపే ఒకరోజు శిబిరాలు మేలు చేయవు. కొందరికి కీడే చేస్తాయి. హత్య జరిగిన బొమ్మను గీయించడం కూడా అదే కోవ. చూపు ఒకచోట నిలిచిపోయినా, ఊపిరి వేగం పెరిగినా, పిలిస్తే పలకకపోయినా పుస్తకం మూసేసి మళ్లీ ఆ ఐదు వస్తువుల దగ్గరికి రండి. అల్లరి చేసేవాడి కంటే కదలకుండా బుద్ధిగా కూర్చున్నవాడి మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి.

ఇంకో ప్రత్యామ్నాయం బ్యాట్‌మన్ కథల్లో ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్. 1988లో తూటా తగిలి నడక పోయిన ఆమె, 1989 నుంచి 2011 దాకా వచ్చిన కథల్లో చక్రాల కుర్చీలోంచే ఆరకిల్ పేరుతో అందరికీ సమాచారం అందించింది. పాతలా కాకపోయినా బతుకు మళ్లీ అల్లుకోవచ్చన్నది ఆమెలో బ్రూస్‌లో కంటే నిజంగా కనిపిస్తుంది. తూటా తగిలిన కథను మాత్రం పిల్లల చేతికివ్వొద్దు, దాని క్రూరత్వం అక్కర్లేదు.

కామిక్ చికిత్స కాదు, మాట మొదలుపెట్టే సాధనం. నెల దాటినా నిద్ర పట్టకపోతే, బడి మానేస్తుంటే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లండి. పిల్లల కోసం రూపొందించిన ట్రామా చికిత్స సాధారణంగా పన్నెండు నుంచి పదహారు సెషన్లు పడుతుంది, పెంచేవాళ్లు కూడా వెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే నెల దాకా ఆగొద్దు, ఆరోజే వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, భాష ఎంచుకోవచ్చు. ఆ నంబరు పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టాకే పిల్లల చేతికివ్వండి.