ఎక్సెల్‌లో నాలుగు కాలమ్సే కావాలి: అక్షరంతో పిలవాలా, అంకెతోనా, పేరుతోనా?

ఒంగోలులో నా దగ్గర పైథాన్ నేర్చుకున్న పిల్లలు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, షీట్‌లో ముప్ఫై కాలమ్స్ ఉన్నాయి, నాకు నాలుగు చాలు. పాండాస్‌లో యూజ్‌కాల్స్‌కి ఏబీసీడీలు ఇవ్వమంటారా, నంబర్లా, పేర్లా?" పాండాస్ అంటే పైథాన్‌లో పట్టికలు చదివే లైబ్రరీ, యూజ్‌కాల్స్ అంటే ఏ కాలమ్స్ కావాలో దానికి చెప్పే ఆప్షన్. మూడూ పనిచేస్తాయంటే ఊరుకోరు. ఏది మేలో తేల్చమంటారు.

మా పక్క లెక్కే తీసుకుందాం. పొగాకు వేలం సీజన్‌లో ఒక వ్యాపారి గుమాస్తా రోజూ ఎక్సెల్ షీట్ నింపేవాడు. వరసగా తేదీ, వేలం కేంద్రం, వచ్చిన బేళ్లు, అమ్ముడైన బేళ్లు, తిరస్కరించినవి, గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, సగటు ధర. నాకు కావాల్సింది తేదీ, కేంద్రం, అమ్ముడైనవి, సగటు. అంటే ఏ, బీ, డీ, హెచ్.

అక్షరాలతో సుఖం చాలానే ఉంది. గుమాస్తా ఫోన్‌లో "హెచ్ కాలమ్ చూడన్నా" అంటాడు, కోడ్‌లోనూ హెచ్ అనే ఉంటుంది. ఇద్దరిదీ ఒకే భాష. వరసగా ఉన్న కాలమ్స్ కావాలంటే సీ, ఎఫ్ మధ్య కోలన్ పెడితే చాలు, ఎఫ్ కూడా కలిసి వస్తుంది. పైథాన్‌లో జాబితాలోంచి ముక్క తీసే స్లైస్‌లా చివరిది ఎగ్గొట్టదు. హెడింగులు రెండు వరసల్లో గజిబిజిగా ఉన్న షీట్లకు ఇంతకంటే హాయి లేదు. ఒక్కటే, ఇది ఎక్సెల్ ఫైళ్లు చదివే రీడ్ ఎక్సెల్‌కే. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్, అందులో కాలమ్స్‌కి అక్షరాలుండవు కాబట్టి రీడ్ సీఎస్‌వీ ఒప్పుకోదు.

అంకెల గురించి ఎక్కువ చెప్పను. సున్నా నుంచి లెక్క కాబట్టి గుమాస్తాకి ఎనిమిదో కాలమ్ కోడ్‌కి ఏడు. అసలు హెడింగే లేని ఫైల్ వస్తే తప్ప నేను వాటి జోలికి పోను.

నన్ను మార్చింది 2022 ఏప్రిల్. జిల్లాలు విడగొట్టారు గుర్తుందిగా, పదమూడు ఇరవై ఆరయ్యాయి. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్లింది. మా గుమాస్తా బుద్ధిమంతుడు. ఇక మీద ఏ కేంద్రం ఏ జిల్లాదో తెలియాలని కేంద్రం పక్కనే 'జిల్లా' అని కొత్త కాలమ్ దూర్చాడు. నాకు చెప్పలేదు, చెప్పాలని ఆయనకెందుకు తడుతుంది? దాంతో అన్నీ ఒక అడుగు కుడికి జరిగాయి. డీలో అమ్ముడైన బేళ్ల బదులు వచ్చిన బేళ్లు, హెచ్‌లో సగటు బదులు కనిష్ఠ ధర. హెడింగులు పొడుగ్గా ఉన్నాయని, చదివిన వెంటనే నా సొంత పేర్లు పెట్టేసుకునేవాణ్ణి కాబట్టి ఆ దారిలోనూ తప్పు దొరకలేదు.

ప్రోగ్రామ్ కిక్కురుమనలేదు. అంకెల స్థానంలో అంకెలే వచ్చాయి మరి. పైగా ఆ అంకెలు నమ్మేలా ఉన్నాయి. బేళ్లు ఎక్కువ అమ్ముడుపోతున్నాయి, రేటు కాస్త తగ్గింది. సరుకు పెరిగితే ధర తగ్గడంలో వింతేముంది అనుకున్నాను. నాలుగైదు రోజులు అలాగే చార్టులు పంపాను. చివరికి వ్యాపారే ఫోన్ చేశాడు. "ఏందయ్యా ఇది, పేపర్లో కందుకూరు సగటు ఒకటుంది, నీ చార్టులో ఇంకొకటుంది?"

అందుకే ఏది మేలంటే, ఏది సులువని కాకుండా, షీట్ మారిన రోజు ఏది అరుస్తుందని చూస్తాను. అదే పేర్ల జాబితా ఇచ్చి ఉంటే 'జిల్లా' కాలమ్ ఎక్కడ దూరినా నాకు పట్టేది కాదు, నా నాలుగూ నాకు వచ్చేవి. ఆయన 'సగటు ధర'ని 'సగటు' అని మార్చినా, నేనడిగిన కాలమ్ లేదని, దాని పేరుతో సహా వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. ఆగిపోతే పది నిమిషాల పని. అక్షరాలు నాకు వారం పని పెట్టాయి.

పేర్లతోనూ తంటా ఉంది, అదీ మన తెలుగు హెడింగులతో ఎక్కువ. ఒకరు 'గరిష్ఠ' అని కొడతారు, ఇంకొకరు 'గరిష్ట' అంటారు. కంటికి పెద్ద తేడా ఉండదు, పాండాస్‌కి రెండూ వేరు. చివర్లో ఒక ఖాళీ ఉంటే అసలు కనిపించనే కనిపించదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కంటికి కనపడని అక్షరం ఇంకో దొంగ.

దానికి విరుగుడు నాలుగో దారి. యూజ్‌కాల్స్‌కి జాబితా బదులు ఒక ఫంక్షన్ ఇవ్వొచ్చు. ప్రతి హెడింగునూ దానికి చూపిస్తుంది, అది ట్రూ (అవును) అన్నవే ఉంచుతుంది. ఆ ఫంక్షన్‌లో ఖాళీలు, ఆ కనపడని అక్షరం తీసేసి, ష్ట ని ష్ఠ చేసి పోల్చుకుంటే ఇలాంటి తేడాలున్నా దొరుకుతుంది. కాకపోతే ఇది మెతక మనిషి. కాలమ్ లేకపోయినా ఎర్రర్ ఇవ్వదు, ఉన్నవే ఇచ్చి ఊరుకుంటుంది. అందుకని వచ్చినవి నాలుగేనా అని కింద ఒక్క లైన్ తనిఖీ తప్పనిసరి. వచ్చిన కాలమ్స్‌కి పాత హెడింగులే ఉంటాయి, వాటినీ శుభ్రం చేసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా పాండాస్ మీరు రాసిన వరసను లెక్కచేయదు. సగటు ముందు రాసినా షీట్‌లో ఉన్న క్రమంలోనే ఇస్తుంది. వరస కావాలంటే చదివాక మార్చుకోవాలి.

వేగం కోసం నాలుగే అడుగుతున్నామనేవాళ్లకు ఒక మాట. ఎక్సెల్ ఫైల్ రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అంటే జిప్ చేసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ టెక్స్ట్, వరసవరసగా ఉంటుంది. నాలుగడిగినా ముప్ఫై చదవాల్సిందే, తగ్గేది చదివాక పట్టే మెమరీయే. వేగమే కావాలంటే ఫైల్ చదవడానికి పాండాస్ 2.2 నుంచి ఉన్న క్యాలమైన్ ఇంజిన్ పెట్టి చూడండి. నిజంగా అడిగిన కాలమ్సే చదవనిచ్చేది, డేటాను కాలమ్స్‌వారీగా దాచే పార్కే ఫైల్, కానీ ఏ గుమాస్తా మీకు పార్కే పంపుతాడు?

పాండాస్ లాంటిదే ఇంకో లైబ్రరీ, పోలార్స్ కూడా బాగుంటుంది, కాలమ్స్ ఎంచుకోనిస్తుంది. ఎక్సెల్ ఫైల్‌ని సెల్ సెల్‌గా చదివే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో చేత్తో తవ్వడం సెల్ రంగులు కూడా కావాల్సినవాళ్లకే. సీఎస్‌వీగా మార్చి చదువుతామంటే మార్చేటప్పుడు తెలుగు అక్షరాలు చెడకుండా దాచే యూటీఎఫ్-8 రకమే ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

నా వరకు, రోజూ నడిచే ప్రోగ్రామ్‌కి పేర్ల జాబితా. పదిమంది చేతులు పడే తెలుగు షీట్‌కి ఫంక్షన్, కింద తనిఖీ. అక్షరాలు ఇప్పటికీ వాడతాను, ఫైల్ నా కళ్లముందే తెరిచి ఉండి, సాయంత్రానికి ఆ కోడ్ చెరిపేసే పనైతే.