ప్రోగ్రామింగ్ భాష నియమాలు తేల్చడానికి ఏది మేలు: సీ ప్లస్ ప్లస్ పద్ధతా, పైథాన్ పద్ధతా?

విజయవాడ, గుంటూరు కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ ప్లస్ ప్లస్ అనే పాత కంపైలర్ (కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్) మీద చేయి తిరిగినవాళ్లకి, ఏ విలువా తిరిగివ్వని ‘వాయిడ్ మెయిన్’తో ప్రోగ్రామ్ మొదలుపెట్టడం కొట్టిన పిండి. అదే ప్రోగ్రామ్ ఇవాళ జీసీసీ అనే కంపైలర్‌లో పెడితే, మెయిన్ ‘ఇంట్’ (పూర్ణాంకం) ఇవ్వాలంటూ ఎర్రర్ వస్తుంది. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 1998లో ఈ భాషకి ఇచ్చిన ప్రమాణం చెప్పింది అదే. టర్బో దానికంటే పాతది.

అంటే సీ ప్లస్ ప్లస్‌లో కాగితం మీద రాసిన ప్రమాణానిదే పెత్తనం. జీసీసీ, క్లాంగ్, మైక్రోసాఫ్ట్ కంపైలర్లు దాన్ని అనుసరిస్తాయి. 2011 నుంచి మూడేళ్లకోసారి కొత్త ప్రమాణం. పాత కోడ్‌ని చెడగొట్టడానికి ప్రమాణం రాసే కమిటీ ఒక పట్టాన ఒప్పుకోదు, అందుకే భాష బరువెక్కింది.

పైథాన్‌కి ఐఎస్ఓ ప్రమాణం లేదు. రిఫరెన్స్ మాన్యువల్ ఉన్నా, సందేహమొస్తే సీపైథాన్ (పైథాన్ కోడ్‌ని నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్) ఏం చేస్తుందో చూస్తారు. మార్పులకి పెప్ అనే ప్రతిపాదన రాస్తారు, బాహాటంగా చర్చిస్తారు. 2018లో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ నిర్ణయాల బాధ్యత నుంచి తప్పుకున్నాక, 2019 నుంచి ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌దే తుది మాట. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం: ఏ మార్పు ఎందుకొచ్చిందో విద్యార్థి కూడా చదువుకోవచ్చు.

కానీ 2008లో పైథాన్ 3 వచ్చి, ప్రింట్‌కి బ్రాకెట్లు తప్పనిసరి చేసి, ఎంతో పాత కోడ్‌ని ఆపేసింది. పైథాన్ 2 మద్దతు 2020 జనవరి 1న ముగిసేదాకా ఆ టెన్షన్ తీరలేదు. ఇరవై ఏళ్లు నడవాల్సిన సాఫ్ట్‌వేర్ అయితే నా ఓటు ప్రమాణానికే.